మీకు తెలుసా? గజ్జల్లో ఓ ఏటవాలు దారి

మగబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణాలు మొదట తయారయ్యేది పొట్టలోనే, మూత్రపిండాల దగ్గర. మెల్లగా కిందికి దిగి, సాధారణంగా ఏడో నెల తర్వాత, పొట్టగోడను గజ్జల దగ్గర ఏటవాలుగా దాటి తిత్తిలోకి చేరతాయి. పెద్దవాళ్లలో ఆ దారి పొడవు దాదాపు 4 సెంటీమీటర్లు. ఎంత దూరం ప్రయాణించినా వాటి రక్తనాళం మాత్రం పుట్టింటిని మరవదు: మూత్రపిండాల దగ్గరే బృహద్ధమని నుంచి బయల్దేరుతుంది!

వృషణంతో పాటు దిగిన పొట్ట లోపలి పొర మూసుకోకపోతే, పేగు అందులోకి జారవచ్చు. పసిపిల్లల గజ్జల్లో వచ్చే హెర్నియా దాదాపుగా ఇదే. గజ్జల్లో ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు బిగుసుకుపోయి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.