ఘాటు దిగునపుడు పుట్టు విద్యుత్తు

లారీలకు పేరొందిన సాలూరునకు కొరాపుట్టునుండి సుంకి ఘాటు మీదుగా దిగుచున్నామనుకొనుడు. మామూలు కారులో బ్రేకులు వేడెక్కును. కొండ నెక్కుటకు వెచ్చించిన శక్తిలో కొంత ఆ వేడిగా గాలిలో కలిసిపోవును. ఇంజను త్రిప్పు ఆల్టర్నేటరు, 12 వోల్టుల బ్యాటరీని నింపును. ఆ బ్యాటరీ ఇంజనును స్టార్టు చేయుటకు, దీపములకు, హారనుకు చాలునేగాని కారును నడుపలేదు.

1997లో జపానులో అమ్మకమునకు వచ్చిన టొయోటా ప్రియస్ వంటి హైబ్రిడ్ కారులో చక్రములను త్రిప్పు మోటారు, దానికి వందలకొలది వోల్టుల బ్యాటరీ అదనముగా ఉండును. బ్రేకు నొక్కినపుడు ఆ మోటారే జనరేటరుగా పనిచేసి, వేగమును తగ్గించుచు విద్యుత్తును బ్యాటరీకి చేర్చును. బ్యాటరీ నిండినచో ఈ లాభము ఆగును. కావున మామూలు బ్రేకులును తప్పవు.

ఒక హెచ్చరిక: ఇందలి నారింజరంగు తీగలను తాకరాదు. 12 వోల్టులకు అలవాటుపడిన మెకానికులకు అవి ప్రాణాంతకములు కాగలవు.