తూకానికి అందని పనితనం

అటక మీది సామాను దించుతుంటే నానమ్మ కాలం నాటి పాన్‌దాన్ దొరికింది. మూత తెల్లగా మెరుస్తోంది. అంచులు మాత్రం అరిగి పచ్చగా కనిపిస్తున్నాయి. ‘ఓస్, వెండి కాదు... ఇత్తడే’ అని తూకానికి వేసేస్తున్నారా? ఒక్క నిమిషం!

విద్యుత్తుతో వెండి పూత పూసే పద్ధతికి 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు పేటెంట్ తీసుకున్నారు. దాంతో తక్కువ ఖర్చులోనే వెండి తళుకు భోజనాల బల్ల మీదికి వచ్చింది. పూత కింద ఉండేది ఇత్తడి, రాగి, లేదా జర్మన్ సిల్వర్. పేరులో ఉన్నా జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింక్‌ల మిశ్రమం!

అంటే మెరుపు పూతది, అందం కింది లోహానిది. ఆ లోహానికి ప్రాణం పోసే చేతులు మన పక్కనే ఉన్నాయి. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో, జనగామ దాటగానే వచ్చే పెంబర్తిలో. ఒకప్పుడు ఇది వరంగల్ జిల్లా ఊరే. 2016లో జనగామ జిల్లాలోకి వెళ్లింది. ఇత్తడి రేకును లక్కలాంటి మిశ్రమం మీద పరిచి, సుత్తితో, ఉలితో కొడుతూ లతలూ హంసలూ తేలుస్తారు ఇక్కడి విశ్వకర్మలు. గుడి తలుపుల తాపడాలు చేసిన ఈ పనివాళ్లే నిజాంల కాలంలో పాన్‌దాన్లు, అత్తరు పాత్రలు చేశారు. 2010లో పెంబర్తి కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

పాత సామాను కొనేవాళ్లు లోహాన్నే తూస్తారు. సుత్తి దెబ్బలకు తూకం ఉండదు మరి! అందుకే ఆ పాన్‌దాన్‌ను పీచుతో తోమకండి, పూత పోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, హాల్లో పెట్టండి. పూత చెరిగినా పనితనం చెరగదు.