కళాశాల విద్యార్థులు – పని నేర్చు అవకాశములు

వేసవి సెలవులు సమీపించునప్పటికి, గోదావరి మండలములలో డిగ్రీ చదువుచున్న పిల్లలున్న ఇండ్లలో మూడు ప్రశ్నలు వినవచ్చుచుండును. ఇంటర్న్‌షిప్ ఎచట చేయవలెను? ఎవరిని అడుగవలెను? ఎంత సొమ్మగును? మొదటి రెండును న్యాయమైన ప్రశ్నలు. మూడవది అసలు పుట్టకూడనిది. అదియు తరచుగ వినవచ్చుచుండుటచేత, ఈ అవకాశములు ఎట్టివో, తణుకు వంటి పట్టణమున నుండి వానిని ఎట్లు వినియోగించుకొనవచ్చునో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశము.

మొదట మాటల అర్థమును నిర్ణయించుకొందము. ఇంటర్న్‌షిప్ అనగా కళాశాలలో చదువుచుండగనే కొన్ని వారములో, మాసములో ఒక సంస్థలో పనిచేసి, తాను చదివిన విషయము అచట ఎట్లు నడచుచున్నదో తెలిసికొనుట. ఇది చదువులో భాగము. భృతి ఉండవచ్చును, లేకపోవచ్చును. అప్రెంటిస్ శిక్షణ అనగా, సాధారణముగ పట్టా చేతికి వచ్చిన పిదప, చట్టప్రకారము ఒప్పందము వ్రాసికొని, నెలనెలా భృతి పొందుచు పని నేర్చుకొనుట. ఇక వర్కుషాపు. మన వైపున ఈ మాట చెప్పగనే లారీలను, ట్రాక్టరులను బాగుచేయు షెడ్డులు జ్ఞాపకమునకు వచ్చును. కళాశాలలవారు చెప్పు వర్కుషాపు మాత్రము రెండు మూడు దినములపాటు ఒక విషయమును విద్యార్థుల చేత స్వయముగ చేయించి చూపు తరగతి. శిక్షణకు పోవుటకు ముందు కావలసిన తొలి పరిచయము దానివలన కలుగును. అంతకు మించి దానినుండి ఆశింపరాదు.

ఈ శిక్షణ నేడు విద్యార్థి ఇష్టమునకు మాత్రమే విడిచిపెట్టిన విషయము కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యా సంవత్సరమునుండి అమలుపరచిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది మాసముల శిక్షణను తప్పనిసరి చేసినది. మొదటి సంవత్సరము ముగిసిన వేసవిలో రెండు మాసములు సమాజ సేవా ప్రాజెక్టు. రెండవ సంవత్సరము ముగిసిన వేసవిలో రెండు మాసములు ఒక సంస్థలో పని. మూడవ సంవత్సరమున ఒక సెమిస్టరు నిండుగ శిక్షణ. తరువాతి సంవత్సరములలో పాఠ్యప్రణాళికలు కొంత మారినవి గనుక, ఎవరి తరగతికి ఏ నియమము వర్తించునో వారి కళాశాలలోనే అడిగి తెలిసికొనవలెను. పాలిటెక్నిక్ విద్యార్థులకును పారిశ్రామిక శిక్షణ చదువులో భాగమే.

ఇంతకాలమును ఎచట గడపవలెను? హైదరాబాదునకో, బెంగుళూరునకో పోయిననే శిక్షణ లభించునని పలువురు భావించుచున్నారు. పోగలిగినవారు పోవచ్చును. కాని అద్దెకును, భోజనమునకును నెలకు వేలు వెచ్చింపలేని కుటుంబములు కలవు. ఒంటరిగ ఆడపిల్లను దూరదేశము పంపుటకు జంకు తలిదండ్రులు కలరు. అట్టివారి పిల్లలకు అవకాశము లేదని నిరాశ చెందవలసిన పనిలేదు. డెల్టాలోనే నేర్వదగిన పని పుష్కలముగ నున్నది. దానిని వెదకు విధానము తెలియవలెను.

తణుకు చరిత్రనే చూడుడు. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు మొదలైన వారి పూనికతో 1947లో ఆంధ్రా షుగర్స్ సంస్థ ఈ పట్టణమున నెలకొన్నది. చెఱకు నుండి పంచదార తీయగా మిగులు మడ్డిని పారవేయక దానినుండి ఆల్కహాలు, ఆల్కహాలునుండి అసిటిక్ ఆమ్లము, ఆ వరుసలోనే ఆస్పిరిన్ మందు, ఇట్లు ఒక సరకునుండి మరియొక సరకు పుట్టినది. కొవ్వూరున కాస్టిక్ సోడా పరిశ్రమ వెలసినది. తరువాతి కాలమున భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రాకెట్టులకు వలసిన ద్రవ ఇంధనము సైతము తణుకులో తయారైనది. బి.ఎస్.సి. విద్యార్థి కర్బన రసాయన శాస్త్రమున కంఠస్థము చేయు సమీకరణములు పెక్కు, అతడు నడచు వీధికి కొలది దూరముననే కర్మాగారములలో జరిగిన పనులే. పుస్తకమునకును, ఊరికిని గల ఈ సంబంధమును కన్నులార చూచుటయే ఇంటర్న్‌షిప్ పరమార్థము.

అయితే ఇచట ఒక ముఖ్య విషయమును గమనింపవలెను. డెల్టాలోని పని ఋతువును అనుసరించి నడచును. సెలవులు కళాశాల పంచాంగమును అనుసరించి వచ్చును. ఈ రెండును సరిపడని చోట విద్యార్థి కాలము వృథాయగును. పంచదార మిల్లులు సామాన్యముగ చలికాలమున చెఱకు ఆడి, ఎండలు ముదురునప్పటికి నిలిచిపోవును. పైగా డెల్టాలో చెఱకు సాగు తగ్గుచు వచ్చినందున ఆడు దినములును తగ్గినవి. మే మాసమున అచటికి పోయిన రసాయన శాస్త్ర విద్యార్థికి రసమున కరగిన ఘనపదార్థమెంతో కొలుచు బ్రిక్సు పరీక్షగాని, అందు పంచదార భాగమెంతో తేల్చు పరీక్షగాని చూచు వీలుండదు. యంత్రములను విప్పి బాగుచేయు కాలమది. మెకానికల్ విద్యార్థికి మాత్రము అదియే మంచి సమయము. మిల్లు ఆడుచుండగా కంటికి కనబడని రోలర్లు, పళ్ళచక్రములు, బేరింగులు అప్పుడు నేలమీద పరచియుండును. రసాయన విద్యార్థి తన మూడవ సంవత్సరపు సెమిస్టరు శిక్షణను చలికాలమునకు అమర్చుకొన్నచో, ఆడుచున్న మిల్లునే చూడగలడు.

వేసవిలో ముమ్మరముగ సాగు పనులును కలవు. దాళ్వా ధాన్యము కళ్ళములనుండి కొనుగోలు కేంద్రములకును, బియ్యపు మిల్లులకును చేరునది ఆ కాలముననే. ప్రభుత్వము కొను ధాన్యమున తేమ 17 శాతమునకు మించరాదని నియమము. ఆ తేమను కొలుచు పద్ధతి, మిల్లులో నూక శాతము పెరుగుటకు కారణములు, తవుడు పోవు మార్గము, బస్తాల లెక్క, రైతు ఖాతాకు సొమ్ము చేరుటకు పట్టు దినములు – ఇవన్నియు విజ్ఞానశాస్త్ర విద్యార్థికిని, వాణిజ్యశాస్త్ర విద్యార్థికిని పాఠములే. భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెఱువులవారికొఱకు నీటిని పరీక్షించు ప్రయోగశాలలు పెక్కు కలవు. నీటిలోని ఉప్పదనము, క్షారత, అమోనియా కొలుచుటయు, తెల్లమచ్చ వైరసును పి.సి.ఆర్. పరీక్షచే గుర్తించుటయు అచటి పని. జీవశాస్త్ర విద్యార్థి చేసిన పరీక్ష ఫలితముపై ఒక రైతు పెట్టుబడి నిలుచునో, పోవునో తేలును. ఆ బాధ్యత ఏ పరీక్షాపత్రమును నేర్పలేదు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు లాకుల తలుపులకును, తూములకును మరమ్మతులు జరుగును. నీరు నిండియున్నప్పుడు సివిల్ విద్యార్థికి కనబడని పునాదులు, రాతి కట్టుబడి అప్పుడే కనబడును.

వ్యవసాయ పరిశోధనకు మార్టేరు మనకు సమీపముననే కలదు. 1925లో స్థాపితమైన ఆ వరి పరిశోధన కేంద్రమునుండియే 1982లో స్వర్ణ వరి వంగడము విడుదలయి, మన సరిహద్దులు దాటి పలు రాష్ట్రముల పొలములకు చేరినది. తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, దానికి చేరువగ వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము, పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ కలవు. నరసాపురము లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అల్లిక పని ఇంటింట సాగుచుండగా, దాని వెల నిర్ణయము, ఎగుమతి పత్రములు, నమూనాల తయారీ తెలిసిన చదువుకొన్న యువతుల అవసరము అందు ఎంతయో కలదు.

మొదటి సంవత్సరపు సమాజ సేవా ప్రాజెక్టును తేలికగ చూడరాదు. తన వీధిలోని ఇండ్లకు పోయి త్రాగునీటిని గూర్చియో, ప్రాథమిక సహకార సంఘపు అప్పులను గూర్చియో అడిగి వ్రాసికొన్న విద్యార్థి, ప్రశ్న వేయుటను, జవాబు వినుటను, విన్నది విన్నట్లు నమోదు చేయుటను నేర్చును. ఈ మూడును తరువాతి కాలమున ఏ ఉద్యోగమునకైనను పనికివచ్చును.

పట్టా వచ్చిన పిదప గల మార్గము అప్రెంటిస్ శిక్షణ. 1961లో పార్లమెంటు అప్రెంటిస్ చట్టమును చేసినది. ఆనాడు అది ఫిట్టరు, టర్నరు వంటి వృత్తులవారికే వర్తించెడిది. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులు, డిప్లొమా వారు అందు చేరిరి. 2014 సవరణతో ఇతర పట్టభద్రులకును ద్వారము తెఱచుకొన్నది. 2019 నియమముల ప్రకారము 30 మందియు అంతకు మించియు పనివారు గల ప్రతి సంస్థయు, వారి సంఖ్యలో 2.5 శాతము నుండి 15 శాతము వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. అనగా 200 మంది పనిచేయు కర్మాగారమున కనీసము ఐదుగురికి చోటుండవలెను. ముప్పదిమంది వరకు తీసికొనవచ్చును. ఆ నియమములలోనే పట్టభద్రులకు నెలకు 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు కనీస భృతిగ నిర్ణయించిరి. తరువాత ఏమైన మార్పు జరిగినదేమో చేరునాడు విచారించుకొనవలెను. చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్ శిక్షణా మండలి మన రాష్ట్రపు పట్టభద్రుల, డిప్లొమా వారి శిక్షణను పర్యవేక్షించును. ఈ చట్టమున్నదని తెలియక, భృతి లేకయే ఏడాదిపాటు వెట్టిగ పనిచేసిన యువకులు కలరు. కావున ఈ విషయము ప్రతి ఇంటను తెలిసియుండవలెను.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమును గూర్చియు పలువురు అడుగుచున్నారు. అది 2024 అక్టోబరు 3వ తేదీన ప్రయోగాత్మకముగ ప్రారంభమైనది. పెద్ద సంస్థలలో పండ్రెండు మాసముల శిక్షణ, నెలకు 5,000 రూపాయల సహాయము, చేరునప్పుడు ఒకసారి 6,000 రూపాయలు అని ప్రకటించిరి. అయితే ప్రారంభ నియమముల ప్రకారము అది 21 నుండి 24 సంవత్సరముల లోపువారికి, పూర్తికాలపు చదువులో గాని, ఉద్యోగములో గాని లేనివారికి ఉద్దేశింపబడినది. కళాశాలలో కూర్చొని చదువుచున్న విద్యార్థి దానికై ఎదురుచూచి వేసవిని పోగొట్టుకొనరాదు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వేరొక మంచి అవకాశము కలదు. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలలోని మూడు విజ్ఞాన పరిషత్తులు కలిసి, ఎన్నుకొనిన విద్యార్థులను వేసవిలో రెండు మాసములు శాస్త్రవేత్తల వద్దకు పంపుచుండును. దానికి దరఖాస్తులను చలికాలపు తొలిదినములలోనే పంపవలసియుండును. వేసవి వచ్చిన పిదప వెదకినచో లభింపదు.

ఇక మొదట చెప్పిన మూడవ ప్రశ్నకు వత్తము. ‘ఇంత సొమ్ము చెల్లింపుడు, ఇంటర్న్‌షిప్ పత్రమును ఇంటికే పంపెదము’ అని ప్రకటించువారు బయలుదేరినారు. రెండు వారములు ఫోనులో పాఠములు వినిపించి, రెండు మాసములు పనిచేసినట్లు పత్రమిచ్చువారును కలరు. నేర్పినందులకు రుసుము తీసికొనుట వేరు, అది తరగతి. పని చేయకుండగనే చేసినట్లు వ్రాసియిచ్చుట వేరు; అది అసత్యము. అట్టి పత్రముతో మార్కులు రావచ్చును గాని, ఉద్యోగపు పరీక్షకుల ఎదుట కూర్చున్ననాడు ‘ఆ రెండు మాసములు మీరు ఏమి చేసితిరి?’ అను ఒక్క ప్రశ్నతో దాని విలువ తేలిపోవును. కూలి డబ్బులలో మిగిల్చి ఫీజు కట్టు తండ్రికి ఇది రెండింతల నష్టము: సొమ్మును పోవును, కుమారునకు పనియును రాదు.

కావున ఏ సంస్థలో చేరుటకైనను ముందు నాలుగు విషయములు అడుగుడు. నాకు పని చూపువారెవరు? దినమునకు ఎన్ని గంటలు? నా చేతికి ఇచ్చు పని యేది? రక్షణకు ఏర్పాటులేమి? ఆమ్లములు, క్లోరిన్, ఆవిరి ఉన్న చోట నాలుగవ ప్రశ్నయే మొదటిది కావలెను. కళాశాల అధిపతి ఇచ్చు లేఖను తీసికొని స్వయముగ పోవుట మేలు. ఒకచోట కాదన్నచో మరియొకచోట అడుగుటకు సంకోచింపరాదు. చిన్న మిల్లు, చిన్న ప్రయోగశాల, ఆడిటరు గారి కార్యాలయము అని చిన్నచూపు వలదు. పెద్ద సంస్థలో నెలంతయు కాగితములు మోసినవానికంటె, చిన్నచోట ఒక పనిని మొదటినుండి చివరి వరకు చేసినవాడే ఎక్కువ నేర్చును.

చేరిన పిదప ప్రతి సాయంకాలమును దినచర్య పుస్తకమున ఐదు పంక్తులు వ్రాయుడు: నేడు ఏమి చూచితిని, ఏమి చేసితిని, ఏది తెలియలేదు. తెలియనిదానిని మరునాడు ఫోర్‌మన్‌నో, గుమాస్తానో, కూలివానినో అడుగుడు. యంత్రపు చప్పుడు విని దాని జబ్బు చెప్పగలవారికి పట్టాలు లేకపోవచ్చును. వారు ఆ నెలలకు మీ గురువులే. రెండు మాసముల పిదప ఆ పుస్తకము చేతనున్నచో, ఎవరు ఏ ప్రశ్న వేసినను మీయొద్ద జవాబుండును. తలిదండ్రులును పిల్లలను ‘పత్రము వచ్చినదా?’ అని గాక, ‘నేడు ఏమి నేర్చుకొంటివి?’ అని అడుగుట అలవరచుకొందురుగాక.