మీకు తెలుసా? చీకటి పడ్డాక తుపాకీ పట్టొచ్చా

రాత్రిపూట వేటాడకూడదన్న మాట మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు. సంబరపడేవాళ్లుంటే కాస్త ఆగాలి. 1972లో చట్టం వచ్చేనాటికి వేట పూర్తిగా నేరం కాదు, లైసెన్సు ఉన్నవాళ్లు కొన్ని జంతువుల్ని కొట్టొచ్చు. అందుకే ఎలా కొట్టకూడదో 17వ సెక్షన్‌లో వరసగా రాశారు: పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా వద్దు, లైట్లు వేసి వద్దు, బండి మీద నుంచి వద్దు, విషం పెట్టి వద్దు, నీళ్లు తాగే చోట మాటు వేసి వద్దు. 1991లో ఆ లైసెన్సుల వేటనే ఎత్తేశారు. దాంతో పని లేక ఈ సెక్షన్ కూడా పోయింది. పగలు చేసినా నేరమే అయినప్పుడు రాత్రికి వేరే నిషేధం ఎందుకు?

ఆ చట్టం ఢిల్లీ తనంతట తాను రుద్దింది కాదు. అప్పట్లో వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలో ఉండేవి. మా కోసం చట్టం చెయ్యండని పదకొండు రాష్ట్రాల శాసనసభలు తీర్మానించాకే పార్లమెంటు చేసింది. ఆ పదకొండింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక ఆంధ్రప్రదేశ్‌లోనే, కర్ణాటక సరిహద్దులో ఉన్న మడకశిర సంగతి చూడండి. అటువైపు గుట్టల్లో చిరుత ఉంది, ఎలుగొడ్డు ఉంది. బీళ్లలో తోడేళ్లు తిరుగుతాయి. ఎలుగొడ్డును వేటాడే జంతువుల్లో వెయ్యడం దానికి అన్యాయమే. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. సీతాఫలాల కాలంలో గుట్ట దిగుతుంది, శెనక్కాయ చేలోకీ వస్తుంది. చీకట్లో ఎదురుపడితే మాత్రం మనిషి ముఖాన్నే చీలుస్తుంది, అందుకే చిరుత కన్నా దానికే ఎక్కువ భయపడతారు. తోడేలు సంగతి వేరు. అది గొర్రెల రొప్పంలో దూరిందంటే తినేదొకటి, కొరికి పడేసేవి నాలుగు. కరువు ఏడు పంట పోయినా చేతిలో మిగిలే ఆస్తి ఆ గొర్రెలే. ఇలాంటి చోట రాత్రి తుపాకీకి అనుమతి ఇవ్వాలని అడిగేవాణ్ణి క్రూరుడనడం బెంగళూరులో కూర్చుని చెప్పినంత తేలిక కాదు.

ఇంతకీ గొర్రెల కాపరికి చట్టం ఇచ్చే వెసులుబాటు ఎంత? 11వ సెక్షన్ ప్రకారం తనను గానీ ఇంకో మనిషిని గానీ కాపాడుకోవడానికి, మనసులో వేరే ఉద్దేశం లేకుండా, జంతువును చంపినా గాయపరచినా నేరం కాదు. అది పగలా రాత్రా అని చట్టం అడగదు. చచ్చిన జంతువు మాత్రం ప్రభుత్వానిదే. గోరు, తోలు ముట్టుకోకూడదు. అయితే ఆ వాక్యంలో మనిషి ఉన్నాడు, గొర్రె లేదు. మందను కాపాడుకోవడానికి కొట్టానంటే ఈ సెక్షన్ ఆదుకోదు. చిరుత, తోడేలు, ఎలుగుబంటి మూడూ మొదటి షెడ్యూల్‌లోవే. వాటిని చంపమని రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఉత్తర్వు ఇవ్వాలన్నా మనుషుల ప్రాణాలకు ముప్పు ఉండాలి, లేదా అది బాగుపడలేని జబ్బుతోనో గాయంతోనో ఉండాలి. పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం కుదరదని తేలాకే ఆ ఉత్తర్వు. తోడేలు నలభై గొర్రెల్ని చంపినా చంపమని ఉత్తర్వు రాదు. పంటనూ ఆస్తినీ లెక్కలోకి తీసుకునే వెసులుబాటు రెండో షెడ్యూల్ జంతువులకే. అడవిపంది అందులో ఉంది.

పైగా మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. ఇక్కడి అధికారి ఉత్తర్వు పావగడ తాలూకాలో చెల్లదు, అక్కడిది ఇక్కడ చెల్లదు. చిరుతకు ఆ గొడవ లేదు.

చట్టం సంగతి అలా ఉంచితే, రాత్రివేళ టార్చి వేస్తే జంతువుల కళ్లు మెరుస్తాయని అందరికీ తెలుసు. కంటి వెనక పొర ఒకటి వెలుతురును తిప్పికొట్టడం వల్ల ఆ మెరుపు. చిరుతకు ఉంది, తోడేలుకు ఉంది. కుక్కకు, మేకకు, ఎద్దుకు కూడా ఉంది. మెరుపు రంగు చూసి ఫలానా జంతువని చెప్పేస్తామనే వేటగాళ్లుంటారు. చూసే కోణం మారితే ఆ రంగే మారిపోతుంది. ఈ పొర లేనివాళ్లలో ఇద్దర్ని ఇక్కడ చెప్పుకోవాలి, పంది ఒకటి, మనిషి ఒకడు. శెనక్కాయ చేలో నడిరాత్రి ఉండేది ఎక్కువగా ఆ ఇద్దరే: తినడానికి వచ్చిన పంది, కాపు కాసే రైతు. నా మట్టుకు నాకు రాత్రి వేటకు అనుమతి వద్దనిపించేది అన్నిటికన్నా ముందు ఈ లెక్క వల్లే. జాలి ఆ తర్వాత సంగతి.

పేరుమోసిన వేటగాళ్లయితే పొరపాటు జరగదు కదా అంటారా? ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యావత్మాల్ జిల్లాలో 2018లో ఏం జరిగిందో చూడండి. పదమూడు మందిని చంపిందని చెప్పిన ‘అవని’ అనే ఆడపులిని మత్తిచ్చి పట్టుకోవాలి, కుదరకపోతేనే చంపాలి, అదీ ఉత్తర్వు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ పనికి మహారాష్ట్ర పిలిపించింది హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ను. నవంబరు 2 రాత్రి బోరాటి దగ్గర తుపాకీ పేల్చింది ఆయన కుమారుడు అస్గర్ అలీ. మత్తు సూది వేశాక పులి జీపు మీదికి దూకబోయిందని, ప్రాణరక్షణకే కాల్చామని వాళ్ల వాదన. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ విచారణ కమిటీ దానితో ఏకీభవించలేదు, మార్గదర్శకాలను ఉల్లంఘించారంది. చీకటి పడ్డాక మత్తు సూది వెయ్యకూడదన్నది ఆ మార్గదర్శకాల్లోదే. అక్కడ పశువైద్యుడు కూడా లేడు. పోస్టుమార్టంలో పులి ఎటు తిరిగి ఉండగా తూటా తగిలిందన్న దగ్గరే పెద్ద వివాదం నడిచింది. అదే పట్టపగలైతే ఏం జరిగిందో చెప్పడానికి పదిమంది సాక్షులుండేవారు.

తాతల కాలంలో కొడితే బహుమానం ఇచ్చేవారన్నది నిజమే. బ్రిటిష్ ప్రభుత్వం పులి తలకు, చిరుత తలకు, తోడేలు తలకు రేటు కట్టి డబ్బులిచ్చింది. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్లు చచ్చాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ ఆనాటి రికార్డుల నుంచి తేల్చారు. ఇంత చంపినా గొర్రెల మీద దాడులు ఆగాయా అంటే లేదు. మధ్యలో తరిగిపోయింది జింకలు. మడకశిరకు దగ్గర్లోనే, మధుగిరి తాలూకా మైదనహళ్లిలో, కృష్ణజింకల కోసం ప్రత్యేక రక్షిత ప్రాంతం పెట్టుకోవలసి వచ్చింది. అడవిలో తిండి దొరకని తోడేలు ఊళ్లోకి రాక ఎటు పోతుంది?

బయటి దేశాల్లో కథ ఒక్క తీరుగా లేదు. ఇంగ్లండులో నక్కను కుక్కలతో తరిమి వేటాడటం 2004 చట్టంతో నేరమైంది, రాత్రి లైటు వేసి తుపాకీతో కొట్టడం మాత్రం చట్టబద్ధమే. టెక్సస్‌లో కయోటీని ఏడాది పొడవునా, సొంత భూమిలో రాత్రి కూడా కొట్టొచ్చు. చిలీ ఎత్తైన మైదానాల్లో అల్పాకాల మందల చుట్టూ రాత్రంతా అడ్డదిడ్డంగా మిణుకుమనే దీపాలు పెట్టి చూశారు. ప్యూమాలు దగ్గరికి రాలేదు, అక్కడి నక్కలు మాత్రం లెక్కచెయ్యలేదు. మన తోడేలు ప్యూమా దారి పడుతుందో, నక్క దారి పడుతుందో ఇక్కడ పెట్టి చూస్తే గానీ తెలియదు. ఒక్క దీపం ఖర్చు తుపాకీ లైసెన్సు కోసం తిరిగే తిరుగుడు కన్నా తక్కువే.

తిరుమల మెట్లదారిలో 2023 ఆగస్టులో చిరుత ఒక చిన్నారిని చంపినప్పుడు కాల్చేయండన్న గొంతులు లేకపోలేదు. అటవీ శాఖ బోనులు పెట్టింది, వరసగా చిరుతల్ని పట్టింది. దేవస్థానం భక్తులకు కర్రలిచ్చింది, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని నడకదారిలోకి పంపలేదు. కర్రలు చూసి చాలామంది నవ్వుకున్నారు. గొర్రెల కాపరి ఎవరూ నవ్వి ఉండడు, తరతరాలుగా వాడి చేతిలో ఉన్నది కర్రే.

అసలు రాత్రి వేట తుపాకీ లేకుండానే నడుస్తోంది. పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు, పొద్దున్నే చూస్తే దానికి అంటుకుని చిరుత పడి ఉంటుంది. ఒక్కోసారి పక్క పొలం రైతే పడి ఉంటాడు. పిండిముద్దలో పెట్టిన నాటుబాంబు కొరికి ఆవు మూతి పగులుతుంది. చట్టం దృష్టిలో ఉచ్చు, విషం, ఎర, ఆఖరికి ప్రయత్నం కూడా వేటే. మొదటి షెడ్యూల్ జంతువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తగ్గదు. పందికి పెట్టిన తీగ అది, చిరుత వచ్చి తగులుకుంది అన్న మాటతో కేసు తప్పించుకోవడం కష్టం. గొర్రె పోయిన మర్నాడే పరిహారం చేతికొస్తే ఆ తీగలాగే చేతులు కొన్నయినా ఆగుతాయని నా నమ్మకం. పంచనామా, పశువైద్యుడి చీటీ, ఫొటోలు, కచేరీ చుట్టూ తిరగడం, ఇన్ని పనులుంటే మంద వదిలి ఎవరు తిరుగుతారు?

చివరగా ఒక అంకె. దేశంలో 13,874 చిరుతలున్నాయని, అందులో ఆంధ్రప్రదేశ్‌లో 569 అని 2024లో కేంద్రం ప్రకటించింది. అది పులులుండే అడవుల్లో చేసిన అంచనా. ఎత్తైన హిమాలయాలనూ వాన తక్కువ మెట్ట ప్రాంతాలనూ ఆ సర్వేలో చూడలేదు. కాబట్టి మడకశిర గుట్టల మీది చిరుతలు ఆ 569లో లేనట్టే.