పైపు తొక్కిన పోకిరి.. తెరకు తొలి నవ్వు

తోటమాలి మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. చడీచప్పుడు లేకుండా వెనుక నుంచి ఓ కుర్రాడు వచ్చి పైపును కాలితో తొక్కిపట్టాడు. నీళ్లు ఆగిపోయాయి. ఏమైందోనని తోటమాలి పైపు మూతిలోకి తొంగిచూశాడు. కుర్రాడు కాలు తీశాడు. నీటిధార ముఖాన కొట్టింది. నెత్తిమీది టోపీ ఎగిరిపడింది. తోటమాలి వెంటపడి, పోకిరిని చెవి పట్టుకుని లాక్కొచ్చి నాలుగు తగిలించాడు.

కథ ఇంతే. నిమిషం కూడా పట్టదు. మాట లేదు, పాట లేదు. అయినా హాస్య చిత్రాలకు ఇదే ఆద్యమని సినిమా చరిత్ర తెలిసినవారు చెబుతారు.

ఫ్రాన్సు దేశంలో 1895లో దీన్ని తీసినవాడు లూయీ లూమియర్. లియాన్ నగరంలో ఆయన కుటుంబానికి ఫొటో పలకల ఫ్యాక్టరీ ఉండేది. తోటమాలిగా కనిపించే ఫ్రాన్స్వా క్లేర్ నటుడు కాడు. లూమియర్ల ఇంట నిజంగానే తోటపని చేసేవాడు.

కార్మికులు ఫ్యాక్టరీ నుంచి బయటికి రావడం, పసిబిడ్డకు తినిపించడం.. అప్పట్లో లూమియర్లు తీసిన చిత్రాల్లో చాలావరకు ఉన్నది ఉన్నట్టు చూపినవే. ఇది మాత్రం ముందే అనుకుని ఆడించిన కథ. ఇలాంటి అల్లరి అప్పటికే ఫ్రెంచి పత్రికల బొమ్మల కథల్లో వచ్చింది. కానీ ఆ బొమ్మలు కదలవు, ఆ నీళ్లు చిమ్మవు.

కెమెరాను ఒకచోట నిలిపి, చేత్తో పిడి తిప్పుతూ తీశారు. అది అటూ ఇటూ కదలదు. కుర్రాడు పారిపోతే దెబ్బలు తినడం తెరమీద కనిపించదు. అందుకే తోటమాలి అతన్ని కెమెరా ముందుకే ఈడ్చుకొస్తాడు. జాగ్రత్తగా చూస్తే ఈ కిటుకు పట్టుబడుతుంది.

అదే ఏడు డిసెంబరు 28న పారిస్‌లో గ్రాండ్ కేఫ్ నేలమాళిగలో డబ్బు తీసుకుని ఆట వేశారు. టిక్కెట్టు 1 ఫ్రాంకు. తొలిరోజు వచ్చింది 33 మంది. చూపిన 10 చిత్రాల్లో ఈ తోటమాలి కథ ఒకటి. తరువాత వేసిన గోడపత్రిక మీద తెరపై తోటమాలిని, ఎదుట పడిపడి నవ్వే జనాన్ని గీశారు. 1896లోనే మెలియే అనే మరో ఫ్రెంచి దర్శకుడు ఇదే కథను మళ్లీ తీశాడు.

ఆ ఏడాదే జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియర్ల చిత్రాలను మన దేశంలో తొలిసారి ప్రదర్శించారు.

యంత్రం మీది వింత నాలుగు రోజుల్లో పాతబడుతుంది. కథకు నవ్వినవాడు మళ్లీ వస్తాడు. సినిమాను బతికించిన ఆ సంగతిని ఈ పైపు నీళ్లే ముందుగా చూపించాయి. లోకాన్ని నవ్వించిన చార్లీ చాప్లిన్‌కు అప్పటికి ఆరేళ్లు.