సంతకానికి ముందు

మా పెద్దమ్మది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అవసరమైతే కన్నడం కూడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం ఏదీ రాదు. పిత్తాశయంలో రాళ్లున్నాయంటే బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్‌కు ముందు రాత్రి నర్సమ్మ వచ్చి, పన్నెండు దాటాక ఏమీ తినకూడదని కన్నడంలో చెప్పి వెళ్లింది. పెద్దమ్మ మాట తప్పే మనిషి కాదు, ఏమీ తినలేదు. తెల్లవారి ఐదింటికి ఫ్లాస్కులోని పాలకాఫీ మాత్రం ఒక గ్లాసు తాగింది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.

"కాపీ తాగితే తిన్నట్టా నాయనా?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మత్తు డాక్టరుగారు చెప్పారు. మత్తులో ఉన్నవారికి గొంతు దగ్గర సహజంగా ఉండే కాపలా పనిచేయదు. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు. మంచినీళ్లకైతే రెండు గంటల వ్యవధి చాలు. పాలు కలిసిందేదైనా ఆహారం కిందే లెక్క, ఆరు గంటలు కావాలి. ఈ నాలుగు మాటలూ ముందురోజు చెప్పి ఉంటే ఆమె ఆ ఫ్లాస్కు మూత తీసేది కాదు.

ఆ ఖాళీ దొరికిన రోజు అంగీకార పత్రం అడిగి తీసుకుని చదివాను. ఇంగ్లీషు ఒకవైపు, కన్నడం ఒకవైపు. కింద పెద్దమ్మ వేలిముద్ర, పక్కనే సాక్షిగా నా సంతకం! బ్యాంకులో చదువురాని మనిషి అప్పు పత్రంపై వేలిముద్ర వేస్తే, సంగతులన్నీ అతని భాషలో వివరించామనీ అతనికి అర్థమయ్యాయనీ రాయించనిదే ఫైలు కదలనివ్వను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి. బి.కాం.లో బట్టీ పట్టిన ముక్క. అలాంటి నేను, నా మనిషి పొట్ట కోసే కాగితం మీద చదవకుండా సంతకం చేశాను.

"పెద్దమ్మా, రేపు నీకేం చేస్తారు?" అని అడిగాను.

"రాళ్లు ఏరేస్తారు గదా."

కాదు, సంచినే తీసేస్తారని చెబితే ఆమె ముఖం పాలిపోయింది. సంచి లేకపోతే తిన్నది ఎట్లా అరుగుతుందని అడిగింది. సర్జనుగారిని బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన విసుక్కోలేదు. మందుల చీటీ వెనుక బొమ్మ వేశారు: పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, ఈ సంచి నిల్వ చేసేది మాత్రమే, తీసేస్తే రసం నేరుగా పేగులోకి పోతుంది. రాళ్లు మాత్రమే తీస్తే మళ్లీ పుడతాయి. చిన్న రంధ్రాలతో పని కాకపోతే పెద్ద కోత పెట్టవలసి రావచ్చు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు కాబట్టి తర్వాత ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావచ్చు. పది నిమిషాలు పట్టింది. నేను తెలుగులో చెప్పాను, ఆమె చేత తిరిగి చెప్పించాను. రాత్రంతా ఆలోచించుకుని, పొద్దున "కానీయండి" అంది.

ఈ "కానీయండి" రోగి నోటినుంచే రావాలి. ఢిల్లీలో 1995లో పరీక్ష కోసం మత్తిచ్చిన ఒక మహిళకు, తల్లి అనుమతి తీసుకుని గర్భాశయం తొలగించారు. మేజరైన రోగికి స్పృహ వచ్చేదాకా ఆగగలిగినప్పుడు తల్లి అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. చికిత్స ఏమిటి, దాని బదులు మరేముంది, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పాలని కూడా చెప్పింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు భయపడతారని మనమే దాచిపెడతాం, అదీ ఒప్పుకోవాలి.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి పెద్దమ్మకు కుడి భుజం పీకసాగింది. గుండెపోటేమోనని నేను లేచాను.

"కూర్చో నాయనా, గాలి నొప్పి. డాక్టరు చెప్పినాడు గదా" అందామె. అయినా నర్సమ్మను పిలిచాను, చూసి, అదేనంది.

ఇంటికి పంపేటప్పుడు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, కడుపునొప్పి పెరిగినా వెంటనే రమ్మన్నారు. హోసూరులో ఉండే మనవడికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఆ మూడు మాటలూ తెలుగులోనే, తమిళ అక్షరాలతో రాసుకుని వంటింటి గోడకు అంటించాడు.