ఆటలోని బంతి యెవరి యధీనము?

మా పాఠశాల విద్యార్థుల నడుమ ఇటీవల నొక క్రొత్త తగవు తరచుగా వినవచ్చుచున్నది. ఇద్దరు బాలురు తమ తమ యిండ్లలో కూర్చుండి ఫోనులపై ఒకే యుద్ధక్రీడ నాడియుందురు. "నేను గోడ చాటునకు చేరిన తరువాతనే వాడు కాల్చినాడు" అని యొకడును, "వాడు బయట నున్నప్పుడే నేను గురి చూచి కొట్టితిని" అని వేరొకడును మరునాడు వాదింతురు. ఇందొకడు అబద్ధమాడుచున్నాడని పెద్దలు తలంచుట సహజము. కాని పెక్కు సందర్భములలో ఇద్దరును తమ కన్నులకు కనబడినదే చెప్పుచున్నారు. ఇది యెట్లు సంభవించునో తల్లిదండ్రులకును విద్యార్థులకును తెలియజేయుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

చెడుగుడు ఆటలో తగవు పుట్టినను తీరుట సులభము. కూతకు వెళ్లినవాడు తాకితి ననును, ఎదుటి జట్టువాడు తాకలేదనును, అంపైరు మాట తుది మాట యగును. అచ్చట మైదాన మొక్కటే. ఫోను ఆటలో అట్లు గాదు. ప్రతి ఫోనులోను ఆ మైదానమునకు, ఆటగాండ్రకు, బంతికి వేరువేరు ప్రతులుండును. నలుగురాడినచో నాలుగు మైదానములు. దూరముననున్న సర్వరు అను పెద్ద యంత్రములో ఐదవది. ఈ యైదును ఏ క్షణమునను అచ్చముగా ఒక్క తీరున నుండవు. కావున ఒక్కొక్క వస్తువు విషయమున ఎవరి ప్రతి నిజమో ముందుగా నిర్ణయింపవలసి యున్నది. ఆ నిర్ణయించు హక్కునే ఈ శాస్త్రమువారు అధికార మందురు.

ప్రతు లేల సరిపోవు? వార్త చేరుటకు కాలము పట్టును గనుక. మాధవరమునుండి ముంబయిలోని సర్వరునకు సరళరేఖలోనే వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము. గాజుతంతువులో వెలుగు సెకనునకు ఇంచుమించు 2,00,000 కిలోమీటర్లు పోవును. కావున రాకపోకలకు 10 మిల్లీసెకనులైనను పట్టక తప్పదు. సర్వరు సింగపూరున నున్నచో దూరము ఇంచుమించు 2,900 కిలోమీటర్లు, కాలము 29 మిల్లీసెకనులు. ఇది ప్రకృతి విధించిన కనీసపు సుంకము మాత్రమే. తంతువు తిన్నగా పోదు. నడుమనున్న యంత్రములు, టవరు, ఇంటిలోని వైఫై తమ తమ వంతు ఆలస్యమును కలుపును. ఫోను తెరపై సెకనునకు 60 చిత్రములు మారుచుండగా, వార్త వచ్చులోపల ఎన్నియో చిత్రములు గడచిపోవును.

మొదట ఎవరికైనను తోచు ఉపాయము సమస్తాధికారమును సర్వరునకే యిచ్చుట. 1996లో వెలువడిన క్వేక్ అను ఆట ఇట్లే నడచినది. ఆటగాడు మీట నొక్కగా వార్త సర్వరునకు పోవును. సర్వరు జవాబు వచ్చిన పిదపనే తెరపై బొమ్మ కదలును. ఒకే గదిలోని కంప్యూటర్ల నడుమ ఇది చక్కగా సాగెను. టెలిఫోను తీగపై ఆడువారికి మాత్రము మీట నొక్కిన కొంతసేపటికి గాని అడుగు పడకుండెను. ఆ యేటి చివరనే దాని రచయితలలో ముఖ్యుడైన జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్ అను సవరించిన రూపమున మార్పు చేసెను. ఆటగాని యంత్రము సర్వరు మాటకై వేచియుండక, తన బొమ్మ ఎచ్చటికి పోవునో ఊహించి ముందే కదల్చును. జవాబు వచ్చిన పిమ్మట ఊహ తప్పైనచో దిద్దుకొనును.

ఇట్టి యూహ మన కలవాటైనదే. 2018లో తెరువబడిన మాధవరము బస్ టెర్మినసునుండి బంధువు నెల్లూరునకు బయలుదేరినచో, నెల్లూరివారు "ఈపాటికి గుమ్మిడిపూండి దాటియుండును, ఈపాటికి సూళ్లూరుపేట" అని లెక్క వేసికొందురు. "తడవద్ద బస్సు నిలిచిపోయినది" అని నడుమ ఫోను వచ్చినచో లెక్క దిద్దుకొందురు. ఇతరుల బొమ్మలను కొన్ని యాటలు మన తెరపై ఇట్లే లెక్కగట్టి చూపును. మరికొన్ని యాటలు ఊహ జోలికి పోక, నిశ్చయముగా తెలిసిన పాత స్థానములనే కొంచె మాలస్యముగా చూపును.

మన బాలుర తగవు ఇచ్చటనే పుట్టుచున్నది. గురి చూచువానికి కనబడునది శత్రువు కొంచెము మునుపున్న చోటు. కాల్పు వార్త అందగానే సర్వరు తన లెక్కలో కాలమును వెనుకకు త్రిప్పి, కాల్చినవాని తెరపై అప్పుడు ఎవరెక్కడ నుండిరో చూచి తీర్పు చెప్పును. వాల్వ్ సంస్థకు చెందిన యాన్ బెర్నియర్ ఈ పద్ధతిని 2001లో వివరించి వ్రాసెను. దీనివలన గురి చూచినవానికి న్యాయము జరుగును. గోడ చాటునకు చేరినవానికి మాత్రము చేరిన పిదప గుండు తగిలినట్లుండును. ఇద్దరిలో ఒకరికి కష్టము తప్పదని తెలిసియే వారు కాల్చినవాని పక్షము వహించిరి. అది సరియేనని మా యభిప్రాయము. కంటికి కనబడినదానిని సరిగా కొట్టినను తగులదన్నచో ఇక గురి యెందులకు?

ఎవరికిని ప్రత్యేకాధికార మీయని మార్గమొకటి కలదు. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అను ఆటలో వందలకొలది సైనికులుందురు. వారందరి స్థానములను నాటి మోడెములపై పంపుట అసాధ్యము. అందుచేత ఆటగాండ్ర ఆజ్ఞలను మాత్రమే పంపి, ప్రతి యంత్రమును ఆట నంతటిని తానే లెక్కగట్టునట్లు చేసిరి. ఎనిమిదిమంది విద్యార్థులు ఒకే లెక్కను వేరువేరు పుస్తకములలో చేసినట్లన్నమాట. ఒక్క అంకె తప్పరాదు. ప్రారంభమున ఒక లేడి ఆవగింజంత ప్రక్కకు నిలిచినచో, కొన్ని నిమిషములకు ఒక పల్లెవాని ఈటె గురి తప్పి, ఒక యంత్రమున వాని యింటికి మాంసము చేరకపోయెడిదని నిర్మాతలే చెప్పియున్నారు.

ఇక బంతి సంగతి. మనుష్యుని బొమ్మకు యజమాని కలడు. బంతికి, బండికి, దొర్లు పీపాకు ఎవరు? మా పిల్లలు బాగుగా నెరిగిన రోబ్లాక్స్‌లో, కదలు వస్తువును దానికి సమీపముననున్న ఆటగాని యంత్రమునకు సర్వరు తానై అప్పగించును. తెలుగులో ఎరువు సొమ్ము అను మాట కలదు గదా; ఇది యట్టిదే. ఎరువు పుచ్చుకొన్న యంత్రమే ఆ వస్తువు దొర్లుటను, ఎగురుటను లెక్కగట్టి సర్వరునకు తెలుపగా, సర్వరు తక్కినవారికి చాటును. బండి నడపువాని యంత్రమే బండికి అధికారి గనుక, త్రిప్పగానే బండి తిరుగును. సర్వరునకు పనిభారమును తగ్గును. ఫలాని వస్తువు ఎవరికిని ఈయరాదని ఆట రచయిత శాసింపవచ్చును కూడ. అయినను బంతి ఒకని యధీనమున నుండగా వేరొకడు తన్నినచో, కాలు తగిలినను బంతి క్షణకాలము కదలనట్లు వానికి తోచును. దీనికి పూర్తి మందు లేదు.

ఎరువు పుచ్చుకొన్నవాడు నిజాయితీపరుడు గాకున్న చిక్కు పెద్దది. వాడు తన యంత్రములోని ప్రోగ్రామును మార్చి, బండి కనురెప్పపాటున ఊరి యావలి కొస చేరినదని వార్త పంపగలడు. అందుచేత గెలుపోటముల లెక్క, ఆటలోని డబ్బు, బొమ్మ ప్రాణము వంటివానిని తెలిసిన రచయితలు సర్వరు చేతినుండి కదలనీయరు. స్థానమును ఎరువిచ్చినను, అంత వేగము సాధ్యమా యని సరిచూతురు. రోబ్లాక్స్‌లోనే 2018కి పూర్వము కొన్ని యాటలలో ఒకని యంత్రమున జరిగిన మార్పు తిన్నగా అందరి తెరలపైకి ప్రాకుచుండెను. ఒక తుంటరి ఇల్లు కూల్చిన అందరికిని కూలెడిది. ఆ యేడు సంస్థ ఆ త్రోవను మూసివేసెను.

నడుమ ఎరువు పుచ్చుకొన్నవాని ఫోనునకు సంబంధము తెగినచో సర్వరునకు వెంటనే తెలియదు. తెగినదా, ఆలస్యమా యని కొంతసేపు వేచియుండవలెను. అంతవరకు ఇతరుల తెరలపై ఆ బండి ఉన్నచోటనే బిగిసి నిలుచును, లేదా పాత వేగముతో ఎటో పోవుచునే యుండును. గడువు మీరినంతనే సర్వరు దానిని తన వశము చేసికొని, దగ్గరనున్న మరియొకని కప్పగించును. కరెంటు పోయిన మరునాడు "నా బండిని వాడు దొంగిలించినాడు" అని మా యొద్దకు వచ్చు ఫిర్యాదులలో చాలభాగము ఇట్టివే.